హాలోవీన్ రాత్రి థీమ్ పార్కులో యముడి వేషం వేస్తే రానిస్తారా? ఓర్లాండో వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి

ప్రశ్న (అట్లాంటా నుంచి)

నమస్కారం అండి. అక్టోబర్‌లో ఓర్లాండో వెళ్దామనుకుంటున్నాం. మా అమ్మాయికి తొమ్మిదేళ్లు, చిన్నోడికి నాలుగు, మా అమ్మ కూడా గుంటూరు నుంచి వచ్చి ఉంది. ఇంటిల్లిపాదీ వేషాలు వేసుకుని పార్కులోనే హాలోవీన్ చేసుకోవాలని అమ్మాయి ఒకటే గొడవ. మా వారు ఇంకో అడుగు ముందుకేసి యమలోకం సెట్ వేద్దామంటున్నారు! ఆయన యమధర్మరాజు (గద, పాశం, కిరీటం, పాదాల దాకా ఎర్ర వస్త్రం), చిన్నోడు చిత్రగుప్తుడు, అమ్మాయి దున్నపోతు మాస్క్ పెట్టుకుంటుందట, నేను తెల్ల చీరలో దెయ్యాన్ని. అమ్మ ఏ వేషమూ వేయనంది.

ఆఫీసులో అందరూ అక్కడే ఉన్న ఇంకో థీమ్ పార్కు యూనివర్సల్ వాళ్ల హాలోవీన్ హారర్ నైట్స్ గురించే చెప్తున్నారు, నాకేమో డిస్నీ నయమనిపిస్తోంది. ఏది మంచిది? పగటి టికెట్ కూడా కొనాలా? మేం శాకాహారులం, గుడ్డు కూడా తినం. చిన్నోడికి వేరుశనగ అలర్జీ, అదొక టెన్షన్.

టాంపా అక్క

హారర్ నైట్స్ మాట మర్చిపోండి. అది పెద్దవాళ్లని హడలగొట్టడానికే పెట్టింది, చీకట్లో రంపం పట్టుకుని మీద మీదకి వస్తారు, పదమూడేళ్ల లోపు పిల్లలకి తగదని వాళ్లే చెప్తారు. పైగా అక్కడ వచ్చినవాళ్లు వేషాలు, మాస్కులు వేసుకోవడానికే వీల్లేదు, కాబట్టి మీ యమలోకం గేటు దగ్గరే ఆగిపోతుంది.

మీకు కావాల్సింది డిస్నీ వాళ్ల మ్యాజిక్ కింగ్‌డమ్‌లో జరిగే మిక్కీస్ నాట్ సో స్కేరీ హాలోవీన్ పార్టీ. ఆగస్టు నుంచి అక్టోబర్ 31 దాకా కొన్ని ఎంచుకున్న రాత్రుల్లోనే ఉంటుంది. దీనికి టికెట్ వేరు. పార్టీ టైమ్ రాత్రి ఏడు నుంచి పన్నెండు అని రాసినా ఆ టికెట్‌తో సాయంత్రం నాలుగింటికే లోపలికి రానిస్తారు, అంటే దాదాపు ఎనిమిది గంటలు, అందుకని అదే రోజుకి పగటి టికెట్ కొనడం శుద్ధ దండగ. లోపలికి వెళ్లగానే చేతికి బ్యాండ్ వేయించుకోండి, ఆరు దాటాక అది లేనివాళ్లని బయటికి పంపేస్తారు. 2025లో పెద్దవాళ్లకి తేదీని బట్టి 119 నుంచి 229 డాలర్ల దాకా ఉంది, పన్ను వేరే. మూడు నుంచి తొమ్మిదేళ్ల పిల్లలకి కొంచెం తక్కువ, మూడేళ్ల లోపు వాళ్లకి అక్కర్లేదు. సరిగ్గా 31నే వెళ్లాలని పట్టుబట్టకండి, అన్నిటికన్నా ఖరీదు ఆ రాత్రికే.

వేషాల సంగతి: మామూలు రోజుల్లో పద్నాలుగేళ్లు నిండినవాళ్లు డిస్నీ పార్కుల్లోకి కాస్ట్యూమ్‌తో రాకూడదు, ఈ పార్టీకి మాత్రం ఏ వయసువాళ్లయినా వేసుకోవచ్చు. కానీ పద్నాలుగు నిండితే మాస్క్ కుదరదు. చిన్నపిల్లలు పెట్టుకోవచ్చు గానీ మొహమంతా కప్పేయకూడదు, కళ్లు కనపడాలి. నన్నడిగితే పాపకి దున్నపోతు మాస్క్ మానేసి కొమ్ములున్న హెయిర్‌బ్యాండ్ పెట్టండి, ఆ ఉక్కలో మాస్క్ అరగంట కూడా ఉంచుకోదు.

కేరీ నుంచి ఒకరు

అక్క చెప్పినదానికి ఒక్క ముక్క కలుపుతా. యముడి వస్త్రం పాదాల దాకా అన్నారు, అది కుదరదు. కాస్ట్యూమ్ ఏదైనా నేలకి తగలకూడదు, పెద్దవాళ్ల వీపు మీద కేప్‌లాంటిది నడుము దాటి కిందికి ఉండకూడదు. నిజం ఆయుధంలా కనిపించేదేదీ రానివ్వరు, బొమ్మ కత్తులు ఫర్వాలేదు, కాబట్టి గద తేలిగ్గా, చూడగానే బొమ్మ అని తెలిసేలా స్పాంజ్‌తో చేయించండి, అయినా చివరి మాట సెక్యూరిటీ వాళ్లదే. తాడుతో వెళ్లి సెక్యూరిటీ అమ్మాయికి పాశం అంటే ఏంటో వివరించే ఓపిక మీ వారికి ఉంటే చెప్పలేను గానీ, నేనైతే అది ఇంట్లోనే వదిలేస్తా. కిరీటం మొహానికి అడ్డం రాకపోతే చాలు.

అడిగినావిడ

అమ్మో, ఇన్ని రూల్సా! మా వారికి చదివి వినిపించా, పాశం లేని యముడేంటని అలిగారు. మరి నా చీర? తిండి, అలర్జీ కూడా చెప్పండి అక్కా ప్లీజ్.

టాంపా అక్క

చీర కుచ్చిళ్లు చీలమండ పైకి కట్టండి, పిన్నులు పెట్టండి. దెయ్యానికి స్పోర్ట్స్ షూస్ ఏంటని ఎవరూ అడగరు, రాత్రంతా నడకే.

ఇక్కడ చాలామందికి తెలియని సంగతి, డిస్నీలోకి మన తిండి తీసుకెళ్లొచ్చు. గాజు సీసాలు, మద్యం లాంటివి వద్దు, అంతే. పులిహోర, చపాతీ రోల్స్, పెరుగన్నం ఏదైనా సరే. డబ్బాలో పెట్టుకుని నాలుగు, ఆరు మధ్య కూర్చుని తినేయండి, ఎందుకంటే ఏడు తర్వాత తిండి లైన్లో నిలబడితే పార్టీ డబ్బులు కరిగిపోతున్నట్టే. కౌంటర్లలో చల్లటి నీళ్లు ఊరికే ఇస్తారు.

పార్టీలో పిల్లలకి క్యాండీ పంచే చోట్లలో అలర్జీ ఉన్నవాళ్లకి వేరే ఏర్పాటు ఉంది. ముందే చెప్పి అలర్జీ ఉన్నవాళ్ల కోసం ఇచ్చే ప్రత్యేకమైన సంచీ అడిగితే క్యాండీ బదులు టోకెన్లు వేస్తారు, తర్వాత అలర్జీ సెంటర్లో వాటిని మార్చుకోవచ్చు. అయినా ప్రతి ప్యాకెట్ మీదా రాసింది మీరే చదవాలి, పార్కులో ఇచ్చిన క్యాండీ ఏదీ బాబుని అక్కడే తిననివ్వకండి, ఎపిపెన్ (అలర్జీ ముదిరితే వెంటనే ఇచ్చే ఇంజెక్షన్) ఉంటే హోటల్లో కాదు, మీ చేతిసంచీలో ఉండాలి. శాకాహారం సంగతికొస్తే అమెరికాలో అమ్మే స్టార్‌బర్స్ట్‌లో జెలటిన్ (జంతువుల చర్మం, ఎముకల నుంచి తీసేది) ఉంటుంది, మార్ష్‌మాలోల్లో కూడా అంతే.

డల్లాస్ బాబాయ్

పార్టీలో పరేడ్ (డిస్నీ పాత్రల ఊరేగింపు) రెండుసార్లు వస్తుంది. మొదటిదానికి జనం విరగబడతారు, పదకొండు ప్రాంతంలో వచ్చే రెండోదానికి పల్చగా ఉంటారు. ఫ్రాంటియర్‌ల్యాండ్ (పార్కులో ఒక భాగం) వైపు నిలబడితే మీకు ముందే వచ్చి ముందే అయిపోతుంది. నాలుగేళ్ల పిల్లాడు కాబట్టి ఒక జాగ్రత్త, పరేడ్‌కి ముందు తల లేని రౌతు నల్లగుర్రం మీద దౌడు తీస్తూ వెళ్తాడు, చేతిలో వెలిగే గుమ్మడికాయతో. రెండు క్షణాలే గానీ ముందే చెప్పకపోతే జడుసుకుంటాడు. మధ్యాహ్నం హోటల్లో పడుకోబెట్టి తీసుకురండి, లేకపోతే పదికల్లా మీ భుజం మీదే ఉంటాడు. అమ్మగారికి వీల్‌చెయిర్ అద్దెకి తీసుకోండి, నడవగలనన్నా సరే.

ఫ్రీమాంట్ వాసి

ఇది చదివే కాలిఫోర్నియా వాళ్లకి: మన దగ్గర డిస్నీ కాలిఫోర్నియా అడ్వెంచర్‌లో ఊగీ బూగీ బాష్ అని ఇలాంటి హాలోవీన్ పార్టీయే ఉంది, 2019లో మొదలైంది. టికెట్లు పెట్టిన వెంటనే అయిపోతాయి, దసరా దాకా ఆగుదాం అనుకుంటే దొరకవు.

అడిగినావిడ

వాన పడితే?

టాంపా అక్క

పార్టీ ఆగదు, డబ్బులు వెనక్కి రావు. పరేడ్ మాత్రం రద్దవచ్చు. 2024 అక్టోబర్‌లో మిల్టన్ హరికేన్ వచ్చినప్పుడు పార్కే మూసేశారు, అది వేరే కథ. మనిషికో రెయిన్‌కోటు మీరే తెచ్చుకోండి, వేషం మీద నుంచి పట్టేలా ఒక సైజు పెద్దవి, కిరీటం అట్టతో చేయకండి. బాణాసంచా అయ్యాక చిన్నపిల్లలవాళ్లంతా ఒకేసారి బయటపడతారు, పార్కింగ్ వైపు తీసుకెళ్లే మోనోరైల్ దగ్గర నిలబడలేరు. రెండో పరేడ్ చూసి నిదానంగా వచ్చేటట్టయితే అటే తీసుకెళ్లే ఫెర్రీ (పడవ) వైపు వెళ్లండి.