పాత టోపోషీటులో కుంట లేదంటే ఊళ్లో కుంట లేనట్టేనా?

పొలిమేరరాయి: హైదరాబాద్ చుట్టూ ఊళ్ల పాత రూపు వెతికేవాళ్లలో ఈ పేచీ తెగడం లేదు. రెవెన్యూ రికార్డులో శిఖం (చెరువు నీళ్లు నిలిచే నేల) అని రాసి ఉంటుంది, మైలుకు అంగుళం చొప్పున గీసిన సర్వే పటం, అంటే టోపోషీటులో, అక్కడ ఉత్త పొలం. ఏది నమ్మాలి?

పహాణీ: రికార్డే. అనుమానం దేనికి? ఆ షీటు స్కేలు 1:63,360. అంటే కాగితం మీద ఒక మిల్లీమీటరు నేల మీద 63 మీటర్లు. గుంట అంటే 33 అడుగుల చదరం, పక్కకు పది మీటర్లు. పది గుంటల కుంట షీటు మీద అర మిల్లీమీటరు చుక్క. దాన్ని గీయకుండా వదిలేస్తే సర్వేయరును తప్పు పట్టలేం. సేత్వారు (సర్వే నంబర్ల తొలి రిజిస్టరు), 1954-55 ఖాస్రా పహాణీ (ఏ పొలం ఎవరిదో రాసిన రికార్డు), టిప్పణం (పొలం కొలతల చిత్తు పటం) పట్టుకోండి. టోపోషీటు గోడకు తగిలించుకోవడానికి బాగుంటుంది.

అలుగునీళ్లు: గోడకేనా అన్నా? ఊరి నక్షా (గ్రామ పటం) పొలిమేర దగ్గర ఆగిపోతుంది. పై చెరువు అలుగు దూకిన నీళ్లు ఏ వాగులో పడి ఏ కింది ఊరి కుంట నింపాయో నక్షాలు పక్కపక్కన పేరిస్తే తప్ప తెలియదు, పేర్చినా అంచులు కలవవు. ఆ గొలుసుకట్టు మొత్తం టోపోషీటులో ఒక్క చూపులో కనిపిస్తుంది. కట్ట పక్కన ‘5ఆర్’ లాంటి అంకె ఉంటే అది పక్క నేల కంటే కట్ట ఎంత ఎత్తో చెబుతుంది. పహాణీలో అది దొరకదు. పైగా 1949లో రద్దయ్యేదాకా జాగీరులో ఉన్న ఊళ్లకు పాత కాగితాలు ఎంత పలచగా ఉంటాయో మీకే బాగా తెలుసు.

పహాణీ: గొలుసుకట్టు వరకు ఒప్పుకుంటా. హద్దు మాత్రం అందులో చూడొద్దు. 25 ఎకరాలు, ఆపైన ఉన్న చెరువుకు బఫర్ (కట్టడాలు లేకుండా వదలాల్సిన దూరం) 30 మీటర్లు, అంతకంటే చిన్నదానికి 9. షీటు మీద 9 మీటర్లంటే గీత మందం కంటే తక్కువ. ఆ గీత చూపించి ఇల్లు లోపలుందా బయటుందా అని కొట్లాడుకోవడం దండగ.

నాలుగుమూలలు: హద్దు సంగతి అటుంచండి, ముందు షీటును నేటి మ్యాపు మీద సరిగ్గా కూర్చోబెట్టేవాళ్లే తక్కువ. ఫోన్‌తో ఫొటో తీస్తే అంచులు వంగుతాయి. ఫ్లాట్‌బెడ్ స్కానర్ మీద 400 డీపీఐ చాలు. గుడ్డకు అతికించిన మడత మ్యాపు అయితే ముక్కల మధ్య ఖాళీలుంటాయి కాబట్టి ఏ ముక్కకు ఆ ముక్క విడిగా చేయాలి.

క్యూజీఐఎస్ అనే మ్యాపుల సాఫ్ట్‌వేర్ జియోరెఫరెన్సర్‌లో రోడ్ల కూడళ్లను పాయింట్లుగా పెట్టకండి, రోడ్లు జరిగాయి. 15 నిమిషాల (పావు డిగ్రీ) షీటులో ప్రతి 5 నిమిషాలకు అక్షాంశ రేఖాంశాలు కలిసే చోట్లు 16 ఉంటాయి, అవే పెట్టండి. నిర్దేశాంక వ్యవస్థ కాలియాన్‌పూర్ 1975 (కోడ్ 4146). చాలామంది ఇక్కడ జీపీఎస్ వాడే డబ్ల్యూజీఎస్84 ఇచ్చేస్తారు. అప్పుడు మన దగ్గర మ్యాపు మొత్తం ఆగ్నేయానికి 150 మీటర్లకు పైనే జరుగుతుంది. “కుంట లేదు” అన్న పోస్టుల్లో కొన్నింటికి కారణం ఇదే, పక్క పొలంలో వెతుకుతున్నారు. షీటును సాగదీసే లెక్కకు మొదటి ఆర్డర్ పాలినోమియల్ సరిపోతుంది. కాగితం ఒక్కోచోట ఒక్కోలా కుంచించుకుపోతే రెండో ఆర్డర్. చివర్లో గోల్కొండ బాలా హిస్సార్ లాంటి కదలని గుట్టతో సరిచూడండి. తేడా 60 మీటర్లు దాటితే మళ్లీ మొదటికి.

ఇంకా పాతవి, ఇరవయ్యో శతాబ్దానికి ముందటివి దొరికితే రేఖాంశంలోంచి 2 నిమిషాల 27 సెకన్లు తీసేయాలి, వాటికి ఆధారమైన మద్రాసు రేఖాంశం పాత లెక్కది. మరిచిపోతే నాలుగు కిలోమీటర్ల తేడా!

పొలిమేరరాయి: షీటు ఏ ఏడాదిదో ఎలా పట్టాలి? మార్జిన్‌లో రెండు మూడు ఏళ్లు కనిపిస్తున్నాయి.

అలుగునీళ్లు: ముద్రణ ఏడాది వదిలేయండి, సర్వే ఏడాది చూడండి. కొన్ని ముద్రణల్లో రోడ్లు, రైలు మార్గాలు మాత్రమే సరిదిద్ది మిగతా అంతా పాత సర్వేనే ఉంచుతారు. మీది 56కె/7 నంబరు షీటు అయితే తేలికే, రెండు పెద్ద జలాశయాలు అందులో ఉన్నాయో లేదో చూడండి. హిమాయత్‌సాగర్ 1927లో, ఉస్మాన్‌సాగర్ 1920లో పూర్తయ్యాయి. రెండూ లేని షీటులో ఆ నీళ్ల కింది లోయ కూడా కనబడుతుంది.

పహాణీ: సర్వే ఎక్కువగా వానలు వెనకబట్టాకే సాగేది. ఎండిన కుంట పొలంలాగే కనిపిస్తుంది. కనుక షీటులో “ఉంది” అంటే నమ్ముతా, “లేదు” అంటే నమ్మను.

నాలుగుమూలలు: అలాగని రికార్డులో శిఖం అన్న ప్రతి చోటా నీళ్లు నిలిచాయనీ కాదు. కట్ట తెగి వందేళ్లయినా శిఖం పేరు పోదు. ఈ రెండింటికీ మూడో సాక్షి కరోనా అనే అమెరికా గూఢచారి ఉపగ్రహాల ఫొటోలు. 1960-72 నాటివి, 1995లో బయటపెట్టారు. చివరి కెమెరాలవైతే రెండు మీటర్ల వివరం కూడా తెలుస్తుంది, తెగిన కట్ట వంపు స్పష్టంగా ఉంటుంది.

పొలిమేరరాయి: బేచిరాగ్ (జనం వదిలేసిన) ఊళ్లకూ ఇదే పద్ధతా?

అలుగునీళ్లు: అక్కడ నేల మీదికి పోవాల్సిందే. షీటులో పాడుబడిన ఊరి గుర్తు చుట్టూ కనీసం 200 మీటర్లు తిరగండి. పాటిగడ్డ (పాత ఊరి దిబ్బ) బూడిదరంగు మట్టి, పెంకులు, ముసలి చింతలు, బొడ్రాయి చూడండి. పాటిమట్టిని పొలాలకు తోలుకుపోయి ఉంటే దిబ్బ బదులు గుంత ఉంటుంది, అది చూసి కుంట అని రాసుకోకండి.

పహాణీ: మూడు ఊళ్ల పొలిమేరలు కలిసే రాయి దొరికితే దాని లొకేషన్ పెట్టండి. నక్షాను షీటు మీద కూర్చోబెట్టడానికి అలాంటివి కనీసం నాలుగు కావాలి.