పెట్రోల్‌లో 20 శాతం ఇథనాల్: లాభం ఎవరికి?

ప్రశ్న (హన్మకొండ నుంచి):
నాది 2014 మోడల్ బైక్. మునుపు లీటరుకు 55 ఇచ్చేది, పెట్రోల్‌లో 20 శాతం ఇథనాల్ కలిపినప్పటి నుంచి 53 దాటట్లేదు. పంపులో రేటు మాత్రం పైసా తగ్గలేదు. ఇంజిన్ పాడవుతుందని వాట్సాప్‌లో రోజుకో వీడియో. అసలు ఇందులో మనకేమైనా ఒరిగేది ఉందా?

కాజీపేట మెకానిక్:
మైలేజీ తగ్గుడు నిజమే. ఇథనాల్ అంటే మొక్కజొన్న (మక్కలు), చెరకు లాంటి వాటి నుంచి తీసే ఆల్కహాల్. దాంట్లో శక్తి పెట్రోల్ కన్నా మూడో వంతు తక్కువ. పాత బైకులకు 3-4 శాతం తగ్గొచ్చని 2021లో నీతి ఆయోగ్ నివేదికే చెప్పింది. ఇంజిన్ గురించి టెన్షన్ వద్దు గానీ, రబ్బరు పైపులు, కార్బొరేటర్ గ్యాస్కెట్లు ఒకసారి చూపించుకోండి. ఇథనాల్ తేమను పీలుస్తుంది కాబట్టి వానాకాలంలో బండిని నెలల తరబడి కదలకుండా పెట్టకండి.

నర్సంపేట రైతు:
అన్న బండి సంగతి చెప్పిండు, నేను మక్కల సంగతి చెప్తా. క్వింటా మక్కలకు దాదాపు 38 లీటర్ల ఇథనాల్ వస్తుంది. మీరు అయిదు లీటర్లు కొట్టిస్తే అందులో ఒక లీటరు ఇథనాల్. అది మక్కలదైతే రెండున్నర కిలోల పైనే గింజలు మీ ట్యాంకులో ఉన్నట్టు. ముడి చమురు 85 శాతానికి పైగా బయటి దేశాల నుంచే కొంటున్నాం కదా, ఈ ఒక్క లీటరు పైసలైనా ఇక్కడే తిరుగుతాయి. చమురు కంపెనీలు 2024-25లో మక్క ఇథనాల్‌కు లీటరుకు 71.86 రూపాయలు కట్టాయి. ఇక పంపులో రేటు ఎక్కడ తగ్గుద్ది!

మునుపు మా మక్కలకు కోళ్ల దాణా వాళ్లు, స్టార్చ్ ఫ్యాక్టరీల వాళ్లే గిరాకీ. ఇప్పుడు ఇంకో బేరం వచ్చింది, మంచిదే. కానీ వరంగల్ ఏనుమాముల మార్కెట్‌కు బస్తాలు తీసుకుపోయిన రోజు చూడాలి. తేమ చూసే మిషన్‌లో గుప్పెడు గింజలు పోస్తరు. 14 దాటిందంటే రేటు కోతే. కల్లంలో ఆరబోద్దామంటే మొగులు పడుతుంది, టార్పాలిన్ కిందనే మొలకలొస్తాయి. ఊళ్లల్లో డ్రయ్యర్లు పెట్టనంత కాలం ఈ లాభంలో సగం మధ్యలోనే దిగిపోతుంది.

నిర్మల్ నుంచి:
ఫ్యాక్టరీ పక్కన ఉండేవాళ్లను కూడా అడగండి సార్. 2024 నవంబర్‌లో మా దిలావర్‌పూర్‌లో ఇథనాల్ ఫ్యాక్టరీ వద్దని ఆడ, మగ అందరూ రోడ్డు మీద కూర్చున్నారు. ఇంకో మాట. ఇథనాల్ తీశాక మిగిలే డీడీజీఎస్ పిప్పి దాణాకు చవగ్గా దొరుకుతుండడంతో సోయా చెక్కకు గిరాకీ తగ్గింది. మేము సోయా వేసేటోళ్లం.

నర్సంపేట రైతు:
అది ఒప్పుకుంటా అన్నా. మా బర్రెకు పెట్టే దాణాలో ఆ పిప్పే ఉంటది, మాకు చవక, మీకు దెబ్బ. ఫ్యాక్టరీ పెట్టేముందు నీళ్లెక్కడివో, మురుగు ఎటు పోతదో ఊరోళ్ల ముందు చెప్పాల్సిందే.

హన్మకొండ:
పైపులు ఆదివారం మార్పిస్తా. మెకానిక్ అన్నా, కార్బొరేటర్ కిట్ మొత్తం మార్చాలా, గ్యాస్కెట్లు చాలా?