ఫైర్ లైను తీసిన మర్నాడే మళ్ళీ ఆకు నిండిపోతోంది, ఏం చేయాలి?

లైను మేస్త్రి:
పొద్దున ఆరింటికి ఎక్కి, ఇప్పుడే దిగాను. నాలుగు రోజులుగా ఇదే వరస. నల్లమలలో పన్నెండు మందితో ఫైర్ లైను తీయిస్తున్నాను, అంటే కార్చిచ్చు దాటకుండా అడవిలో ఖాళీ చేసి ఉంచే పట్టీ. గడ్డి కోసి, పొదలు కొట్టి, నేల కనిపించేదాకా గీకి వస్తాం. మర్నాడు వెళ్ళి చూస్తే మొత్తం ఆకే. విస్తరాకంత టేకాకులు ఒకదాని మీద ఒకటి పడి ఉంటాయి, కాలు వేస్తే అప్పడాల్లా విరుగుతాయి. ఇవాళ పాతదాన్నే మళ్ళీ ఊడ్పించాల్సి వచ్చింది, కొత్తగా వంద మీటర్లు కూడా సాగలేదు. "అన్నా, ఈ పనికి అర్థం ఉందా" అని మా కుర్రాడు మొహం మీదే అడిగాడు. ఏం చెప్పాలో తెలియలేదు. మాకు మిషన్లు లేవు. కొడవళ్ళు, గొడ్డళ్ళు, పారలు, అంతే. ఈ పని చేసినవాళ్ళెవరైనా ఉంటే దయచేసి చెప్పండి.

కొండదారి:
వెడల్పు ఎంత? వాలు ఎటు? కోసిన గడ్డి ఎక్కడ వేస్తున్నారు?

ఇప్పచెట్టు:
మేస్త్రీ గారూ, మీ కష్టం అర్థమవుతోంది. కానీ అసలు నిప్పు ఎక్కడ పుడుతుందో చూడకుండా లైన్లు తీసుకుంటూ పోతే ఎన్ని తీసినా చాలవు. మన అడవుల్లో దాదాపు ప్రతి మంటా మనిషి చేతిదే. ఇప్పపువ్వు ఏరడానికి చెట్టు కింద ఆకు కాలుస్తారు. తునికి కొత్త చిగురు వేయాలని కాలుస్తారు. మేకలకు లేత గడ్డి రావాలని కాలుస్తారు. ఉగాదికి కన్నడ భక్తులు వెంకటాపురం, నాగలూటి, పెద్దచెరువు, భీముని కొలను మీదుగా శ్రీశైలం నడిచి వెళ్తారు. దారిలో వండుకున్న పొయ్యిల్లో ఒక్కటి సరిగా ఆరకపోయినా చాలు. ముందు ఆ దారి పక్కన ఎండుగడ్డి తీయించండి. పొయ్యి మీద నీళ్ళు పోసి, చెయ్యి పెట్టి చూసి, చల్లగా ఉంటేనే కదలమని చెప్పే మనిషి ఒకరు అక్కడ ఉండాలి. నేను ప్రతి ఏడాదీ ఇదే మొత్తుకుంటున్నాను.

కొండదారి:
ఆయన అడిగింది ఆకు గురించి.

పదకోశం:
ఒక్క మాట. మీరు తీస్తున్నది ఫైర్ లైను కాదు, ఫైర్ బ్రేక్. తెలుగులో అగ్ని నిరోధక పట్టీ అనవచ్చు. మంట వచ్చాక దాని ముందు హడావిడిగా గీకేది ఫైర్ లైను.

ఇప్పచెట్టు:
మన డిపార్ట్‌మెంట్ వాళ్ళు ఏళ్ళుగా ఫైర్ లైన్ అనే రాస్తున్నారు. కూలీలైతే గీత అంటారు. పేరు మారిస్తే ఆకు రాలడం ఆగుతుందా?

పదకోశం:
పేరును బట్టి పని మారుతుంది, అందుకే చెప్పాను. మంట ముందు గీకే గీత సన్నగా ఉంటుంది, మట్టి తేలేదాకా గీకాల్సిందే. ముందుగా తీసి ఉంచే పట్టీ వెడల్పు. దాన్ని ఆ చివర నుంచి ఈ చివరిదాకా గీకడం దండగ. వెడల్పంతా గడ్డి మొదలంటా కోసి, మధ్యలో ఒక మీటరు మాత్రం ఎర్రమట్టి కనపడేలా గీకితే చాలు. వీళ్ళు వెడల్పంతా గీకుతున్నట్టున్నారు, అలసిపోరా మరి?

సియెర్రా తెలుగు:
నేను కాలిఫోర్నియాలో ఉంటాను, సెలవుల్లో ఇక్కడి అడవుల్లో వాలంటీరుగా ఇదే పని చేస్తాను. వైల్డర్‌నెస్‌గా, అంటే మనిషి మార్చకుండా వదిలేయాల్సిన అడవిగా ప్రకటించిన చోట 1964 నాటి చట్టం ప్రకారం మోటారు పనిముట్లు వాడకూడదు. ఇద్దరు చెరో వైపు పట్టుకుని లాగే పెద్ద రంపంతోనే దుంగలు కోస్తాం. ఇంకొకటి పులాస్కీ, ఒకవైపు గొడ్డలి, రెండో వైపు మట్టి తవ్వే అంచు. 1910లో ఐడహోలో పెద్ద కార్చిచ్చు వచ్చినప్పుడు ఎడ్ పులాస్కీ అనే రేంజర్ నలభై మందికి పైగా కూలీలను గని సొరంగంలోకి తోలి, వాకిట్లో తనే నిలబడ్డాడు. కొందరు పోయారు, చాలామంది బతికారు. ఆ పనిముట్టుకు ఆయన పేరే ఉండిపోయింది. మాకు మొదటి రోజు నేర్పే నాలుగు మాటలు మీకూ చెబుతాను: ఎత్తున నిలబడి చూసే మనిషి, అందరికీ వినిపించే పిలుపు, పారిపోయే దారి, మంట అందకుండా వెళ్ళి నిలబడే చోటు. మేస్త్రీ గారూ, మీ పన్నెండు మందికీ ఆ దారి తెలుసా? పొద్దున్నే ఒకసారి నడిపించి చూపించండి.

లైను మేస్త్రి:
అందరికీ నమస్కారం. సిగ్నల్ లేక ఆలస్యమైంది. వెడల్పు ఐదు మీటర్లు, మొత్తం గీకుతున్నాం, నిజమే. గడ్డి నడుమెత్తు ఉండేది. కొండ వాలు మీద అడ్డంగా వెళ్తోంది లైను. కింది వైపు మేం నడిచే దారి ఉందని, కోసిందంతా పై గట్టున కుప్పగా వేస్తూ వచ్చాం. కాల్చడానికి పైనుంచి ఇంకా పర్మిషన్ రాలేదు, అందుకే ఊడ్పించడమే. చెట్లకు ఇంకా సగం ఆకు ఉంది.

కొండదారి:
ఇదంతా మొదటే చెప్పాల్సింది. పై గట్టున కుప్ప పెట్టారు కదా, పొద్దు వాలాక కొండ చల్లబడి గాలి పైనుంచి కిందికి జారుతుంది. మీ కుప్ప మీది ఆకు రాత్రికి రాత్రే మీ లైనులోకి దిగుతోంది. రాలేది కొంత, దిగేది కొంత.

కుప్పే వద్దు. కింది అంచున అసలు పెట్టొద్దు, నిప్పు కింది నుంచి పైకి పరుగెత్తుతుంది. వాలు పది డిగ్రీలు పెరిగితే దాని వేగం దాదాపు రెట్టింపు. అక్కడ కుప్ప ఉంటే మంట లేచి లైను దాటుతుంది. కోసింది లైను నుంచి పది పదిహేను అడుగులు అడవి లోపలికి తీసుకెళ్ళి, నేల మీద పలచగా చల్లండి. ఎండు వెదురు ఉంటే ఇంకా దూరం. అది టపాకాయలా పేలి నిప్పురవ్వలు విసురుతుంది.

చెట్టుకు సగం ఆకు ఉండగా రోజూ ఊడిస్తే మనుషులు విసిగిపోతారు. ఇప్పుడు కోతే ముందుకు సాగనివ్వండి. చెట్లు మోడులయ్యాక మధ్య మీటరు మట్టి గీకండి. ఆ తర్వాత వానలు పడేదాకా వారానికోసారి నలుగురితో ఊడ్పించండి.

ఎర్రనేల:
నేను రెండు వేసవులు ఫైర్ వాచర్‌గా చేశాను. ఆకు ఊడ్చేది పొద్దున మంచు తడి ఆరకముందే. తడి ఆకు విరగదు, బరువుగా కలిసికట్టుగా వస్తుంది. ఎండెక్కాక ఊడిస్తే ముక్కలై మట్టిలో కలిసిపోతుంది, ఆ పొడి ఇంకా త్వరగా అంటుకుంటుంది. పార వద్దు. రేగు కంప రెండు మూడు కొమ్మలు కలిపి కట్టి, పైన బరువుకి రాయి పెట్టి, తాడుతో ఇద్దరు లాగండి. కళ్ళంలో లాగినట్టే. కొడవళ్ళకు మధ్యాహ్నం ఒకసారి పదును పెట్టించండి. మొద్దు కొడవలితో కోస్తే గడ్డి మొదళ్ళు జానెడు మిగిలిపోతాయి. ఆ కుర్రాడు అడిగింది తప్పు కాదు అన్నా. మంట వచ్చి గీత దగ్గర ఆగిన రోజు ఒక్కసారి చూస్తే ఎవరూ మళ్ళీ అడగరు. నేను చూశాను. అవతల నల్లగా పొగ, ఇవతల పచ్చిక మీద కుందేలు కూర్చుని ఉంది.

ఇప్పచెట్టు:
శాటిలైట్‌కు మంట కనిపిస్తే ఫారెస్ట్ సర్వే వాళ్ళు ఫోనుకు మెసేజ్ పంపుతారు, దానికి నంబరు ఇచ్చి ఉంచండి. అందులో మంటను చూపే ఒక్కో చుక్క 375 మీటర్ల చదరం, కాబట్టి అది చూపించిన చోటే వెతకొద్దు, చుట్టూ వెతకండి. శాటిలైట్ పైనుంచి వెళ్ళినప్పుడే కనిపిస్తుంది, మధ్యలో పుట్టిన మంట దానికి తెలియదు.

లైను మేస్త్రి:
నిన్న పై గట్టు కుప్పంతా చెదరగొట్టించాం. ఇవాళ నలుగురు కంప లాగారు, ఎనిమిది మంది ముందుకు కోశారు. 300 మీటర్లు దాటాం. పారిపోయే దారి కూడా నడిపించాను, ఇద్దరికి అసలు తెలియనే తెలియదు. అందరికీ థ్యాంక్స్. పర్మిషన్ ఇంకా రాలేదు.

ఎర్రనేల:
వస్తే సాయంత్రం గాలి తిరగకముందే మొదలుపెట్టకు అన్నా. ఆ కొండకి కింద వాగులో నీళ్ళు ఉన్నాయా?