సెస్నా 172 హోమ్ కాక్‌పిట్: మామూలు పాట్ చాలా, హాల్ సెన్సర్ కావాలా?

రన్‌వే09
ఇంట్లో ఫ్లైట్ సిమ్యులేటర్ కోసం చేసుకుంటున్న సెస్నా 172 (చిన్న విమానం) కాక్‌పిట్‌కి ఐదు యాక్సిస్‌లు, అంటే కదలికని కొలిచే చోట్లు, కావాలి: యోక్‌కి (విమానం స్టీరింగ్) రెండు, రడ్డర్ పెడల్స్ (ముక్కుని పక్కలకి తిప్పేవి), థ్రాటిల్ (ఇంజన్ జోరు), మిక్స్చర్ (ఇంధనం, గాలి పాళ్ళు). కదలికలు చదివి కంప్యూటర్‌కి పంపే బోర్డు ప్రో మైక్రో. కోఠి గుజరాతీ గల్లీలో బి10కె పాట్లు (10 కిలో ఓమ్‌ల పొటెన్షియోమీటర్లు, తిప్పితే నిరోధం మారేవి) తెచ్చి బిగిస్తే సరిపోతుందా? హాల్ సెన్సర్లు (అయస్కాంతంతో కదలికని కొలిచేవి) లేకపోతే దండగ అంటున్నారు కొందరు.

టంకం
పాట్లే పెట్టండి. వాటికి చెడ్డపేరు వచ్చింది చాలావరకు బిగించే తీరు వల్లే. మామూలు పాట్ సుమారు 300 డిగ్రీలు తిరుగుతుంది, పెడల్ ఇరుసు తిరిగేది మహా అయితే 40. నేరుగా ఇరుసుకే బిగిస్తే ప్రో మైక్రో ఇచ్చే 1024 మెట్లలో (విడివిడి విలువల్లో) మీకు దక్కేవి 136. రడ్డర్ కుదుపులతో కదిలితే తప్పు పాట్‌ది కాదు. ఇరుసుకి 60 పళ్ళ గేరు, పాట్‌కి 12 పళ్ళ గేరు వేస్తే దాదాపు 680 మెట్లు వస్తాయి. పళ్ళ మధ్య వదులు లేకుండా పాట్ గేరుని చిన్న స్ప్రింగ్‌తో ఒక పక్కకి లాగి ఉంచాలి.

కొనేటప్పుడు మల్టీమీటర్ పట్టుకెళ్ళండి. నాబ్ సరిగ్గా సగంలో పెడితే, మధ్య కాలికీ చివరి కాలికీ నడుమ 5కె దరిదాపుల్లో చూపాలి. ఒక పక్క 1కె, ఇంకో పక్క 9కె చూపితే అది వాల్యూమ్ కంట్రోల్‌కి వాడే లాగ్ పాట్ (తిప్పినంత సమానంగా మారనిది), మనకి పనికిరాదు.

మాగ్నెట్‌బాబు
గేర్ల లెక్క ఒప్పుకుంటాను. మరి అరుగుదల మాటేమిటండీ? యోక్ ఎగిరినంతసేపూ మధ్యలోనే ఆడుతుంటుంది. వైపర్, అంటే పాట్ లోపల జారే కాంటాక్ట్, ఆ కొద్దిపాటి కార్బన్ పూత మీదే రుద్దుకుంటుంది. విలువ ఎగిరిపడటం మొదలయ్యేదీ అక్కడే. కాంటాక్ట్ క్లీనర్ కొడితే కొన్నాళ్ళు సర్దుకుంటుంది, అరిగిన కార్బన్ తిరిగి రాదు.

49ఇ అనే హాల్ సెన్సర్‌లో రుద్దుకునేదే లేదు. రెండు నియోడిమియం అయస్కాంతాలు ఎదురెదురుగా, ఒకదాని ఉత్తరం రెండోదాని దక్షిణాన్ని చూసేలా పెట్టి, వాటిని తిప్పే ఇరుసు గీత మీద, రెండింటి నడుమ సెన్సర్‌ని కదలకుండా నిలపండి. చదునైన ముఖం అయస్కాంతాల వరుసకి సమాంతరంగా ఉన్నప్పుడు 2.5 వోల్టులు వస్తే అదే సెంటర్. చివర్లకి ముందే విలువ కదలడం ఆగిపోతే సెన్సర్ గరిష్ఠానికి చేరిపోయినట్టు, అయస్కాంతాలు దూరం జరపండి. దగ్గర్లో ఇనప బోల్టు ఉంటే లెక్క తప్పుతుంది, ఇత్తడివి గానీ నైలాన్‌వి గానీ వాడండి.

టంకం
49ఇ ఔట్‌పుట్ 5 వోల్టుల మీద సుమారు 1 నుంచి 4 దాకానే ఆడుతుంది. అంటే 600 మెట్లు. గేరు వేసిన పాట్‌కన్నా తక్కువే కదా! పైగా 172లో థ్రాటిల్, మిక్స్చర్ లోపలికీ బయటికీ లాగే నాబ్‌లు. సుమారు ఆరు సెంటీమీటర్ల నేరు కదలికని ఒక్క 49ఇ కొలవలేదు. అక్కడ 60 మిల్లీమీటర్ల స్లయిడ్ పాట్‌కి మించింది లేదు.

మాగ్నెట్‌బాబు
ఆ లాగే నాబ్‌లకి స్లయిడ్ పాటే, అందులో వాదన లేదు. యోక్ విషయంలో మాత్రం నా మాట మారదు. మెట్లు 80 తగ్గినా చేతికి తెలియదు, సెంటర్‌లో ఒక్క ఎగురుడు వస్తే విమానం ముక్కు ఊగుతుంది.

గ్రౌండ్‌వైర్
ఇద్దరూ సెన్సర్ దగ్గరే ఆగిపోయారు, సగం తంటాలు వైరింగ్‌లో ఉంటాయి. ప్యానెల్ లైట్ల ఎల్ఈడీలకీ యాక్సిస్‌లకీ ఒకటే సన్నని గ్రౌండ్ తీగ లాగితే, లైటు వేయగానే థ్రాటిల్ దానంతట అదే జరుగుతుంది. ఎల్ఈడీల గ్రౌండ్ విడిగా బోర్డు దాకా తెచ్చి కలపండి. ప్రతి సిగ్నల్ పిన్ దగ్గర గ్రౌండ్‌కి ఒక 0.1 మైక్రోఫారడ్ సిరామిక్ కెపాసిటర్ పెట్టండి. పెడల్స్ తీగ పొడుగు కాబట్టి షీల్డ్ ఉన్నది తీసుకోండి.

ఇంకా ఎక్కువ మెట్ల (12 బిట్ల) కోసం బ్లూ పిల్ అనే బోర్డుకి మారితే ఒక జాగ్రత్త. దాని అనలాగ్ పిన్‌లు 5 వోల్టులు తట్టుకోవు. సెన్సర్లకి కూడా 3.3 వోల్టులే ఇవ్వాలి. 49ఇ ఆ వోల్టేజీలో నడుస్తుంది, ఏ1302 అనే ఇంకో హాల్ సెన్సర్‌కి మాత్రం కనీసం 4.5 కావాలి. ఊనో ఆర్3 బోర్డు చవగ్గా వస్తోందని కొనకండి, అది తనంతట తాను జాయ్‌స్టిక్‌గా కనిపించదు.

రన్‌వే09
సరేనండీ. థ్రాటిల్, మిక్స్చర్‌కి స్లయిడ్ పాట్లు, పెడల్స్‌కి గేరు వేసిన బి10కె, యోక్ రెండు యాక్సిస్‌లకీ 49ఇ. యోక్ ముందుకీ వెనక్కీ జరిగేది నేరుగానే కదా, అక్కడ ఎలా?

మాగ్నెట్‌బాబు
షాఫ్ట్ నుంచి చిన్న లింకుతో ఒక లివర్‌ని తిప్పండి. లివర్ సెంటర్ నుంచి అటు 30, ఇటు 30 డిగ్రీలు దాటకుండా పొడవు చూసుకోండి. అంతకి మించితే చివర్లలో స్పందన మందగిస్తుంది.

టంకం
ఆ లివర్ ఇరుసుకి 6 మిల్లీమీటర్ల రంధ్రం వదిలిపెట్టండి. మామూలు పాట్ షాఫ్ట్ సైజు అదే. 49ఇ నచ్చకపోతే బ్రాకెట్ మార్చకుండానే పాట్ ఎక్కించుకోవచ్చు.