ఫ్రీ వైఫై బీచ్‌లో పెట్టాలా, పేటల్లో పెట్టాలా?

ఆరిలోవ కుర్రాడు:
మన విశాఖ నగరపాలక సంస్థ, అదే జీవీఎంసీ, డబ్బుతో పబ్లిక్ వైఫై పెడితే ఎక్కడ పెట్టాలి? ఆర్కే బీచ్‌లో మాత్రం కాదు, వార్డుల్లో పెట్టాలంటాను. మా పక్కింటి అమ్మాయి ఈఏపీసెట్ వెబ్ ఆప్షన్లు పెట్టుకోవాల్సి వచ్చింది. ఇంట్లో ఉన్నది వాళ్ళమ్మ ఫోనొక్కటే. రోజుకి ఒకటిన్నర జీబీ, అది కాస్తా తమ్ముడు సాయంత్రానికే రీల్స్ చూసి ఊదేశాడు. మా మెట్ల మీద కూర్చుని, నా హాట్‌స్పాట్‌తో, రాత్రి పదకొండు దాకా కాలేజీ కోడ్లు కొట్టుకుంది. ఫోన్‌లో చార్జింగ్ 9 శాతం. ఒకటే టెన్షన్. గూగుల్ డేటా సెంటర్ వస్తోందని సంబరపడుతున్న ఊరండీ ఇది!

ఎదురుగాలి:
ఫ్రీ అంటే ఆర్నెల్ల ముచ్చటే బాబూ. తర్వాత ఆ పెట్టె మీద కాకులు వాలతాయి. రైల్వే స్టేషన్లలో చూడండి, మొదటి అరగంటే ఉచితం, ఆపైన వాడాలంటే డబ్బు కట్టాలి. నడవాలంటే అలాగే నడుస్తుంది.

తీగల మనిషి:
ఫ్రీ సంగతి సరే, చవకగా ఇవ్వడం ఎలాగో చూడండి. 2017 డిసెంబరులో ఏపీ ఫైబర్‌నెట్ మొదలైనప్పుడు నెలకి 149 రూపాయలకే 15 ఎంబీపీఎస్ నెట్, టీవీ, ఫోన్. రోడ్లు తవ్వకుండా కరెంటు స్తంభాల మీదుగా తీగ లాగారు కాబట్టే ఖర్చు తగ్గింది. కాకపోతే స్తంభం పడితే తీగా పడుతుంది. హుద్‌హుద్ తుఫాను చూసినవాళ్ళకి వేరే చెప్పాలా?

గాజువాక గంగ:
కేంద్రం పబ్లిక్ వైఫై పథకం పీఎం-వాణి ఊసే ఎవరూ ఎత్తరేం? 2020 డిసెంబరులోనే కేంద్రం ఒప్పుకుంది. కిరాణా కొట్టయినా, టీ బడ్డీ అయినా బ్రాడ్‌బ్యాండ్ పెట్టించుకుని వైఫై అమ్ముకోవచ్చు. లైసెన్సూ అక్కర్లేదు, ఫీజూ లేదు. చిక్కల్లా ఆ కొట్టువాడికి నెట్ కంపెనీలు వేసే రేటుతోనే వచ్చింది. 2025 జూన్‌లో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ దానికి హద్దు పెట్టింది: 200 ఎంబీపీఎస్ దాకా, ఇళ్ళకిచ్చే ధరకి రెట్టింపు దాటకూడదు. ఇప్పుడు లెక్క కుదురుతుంది. ఆ మొదటి ఏడాది బిల్లు జీవీఎంసీ కడితే చాలు, స్తంభాలూ వద్దు, టెండర్లూ వద్దు.

ఆరిలోవ కుర్రాడు:
బాగుంది గానీ, రాత్రి తొమ్మిదికి షట్టర్ దించేస్తే?

కొట్టు సూరి:
నాకు కంచరపాలెంలో కిరాణా కొట్టుంది. షట్టర్ దించినా రూటర్ ఆన్‌లోనే ఉంచొచ్చు, దానికయ్యే కరెంటు ఎంతని! కానీ రాత్రి పదకొండు దాకా నా అరుగు మీద పదిమంది కుర్రాళ్ళు చేరితే, పక్కింటివాళ్ళు పొద్దున్నే వచ్చి తిట్టేది జీవీఎంసీని కాదు, నన్ను.