టగ్గులకు, డ్రెడ్జర్లకు డీజిల్-ఎలక్ట్రిక్ నిజంగా లాభమా?

లంగరు:
కొత్తగా కట్టే టగ్గులకూ (పెద్ద ఓడలను నెట్టే, లాగే చిన్న నౌకలు) డ్రెడ్జర్లకూ (నీటి అడుగున పూడిక తీసే నౌకలు) డీజిల్-ఎలక్ట్రిక్ పెట్టాలని చాలామంది అంటున్నారు. నాకు మింగుడుపడటం లేదు. ఇంజిన్ షాఫ్టును నేరుగా తిప్పగలిగినప్పుడు, దానితో కరెంటు పుట్టించి, ఆ కరెంటుతో మోటారును, మోటారుతో ప్రొపెల్లర్‌ను తిప్పడం దేనికి? ముక్కు ఏదంటే తల చుట్టూ చెయ్యి తిప్పి చూపించినట్టుంది. నేరుగా తిప్పితే గేర్‌బాక్స్‌లో పోయే శక్తి రెండు మూడు శాతం. జనరేటరు, కన్వర్టరు (మోటారుకు తగ్గట్టు కరెంటును మార్చేది), మోటారు దాటేసరికి పది శాతం దాకా వేడిగా పోతుంది. ఆ డీజిల్ ఖర్చు ఎవరు భరిస్తారు?

కొక్కెం:
లంగరు గారూ, మీ లెక్క తప్పు కాదు. కానీ అది రోజుల తరబడి ఒకే వేగంతో సముద్రం దాటే సరకు ఓడ లెక్క. రేవులో టగ్గు ఎక్కువసేపు ఎదురుచూస్తూనో, మెల్లగా తిరుగుతూనో ఉంటుంది. పెద్ద ఓడను నెట్టే కాసేపే పూర్తి బలం కావాలి. ఆ కాసేపటి కోసం పెట్టిన రెండు పెద్ద ఇంజిన్లు మిగతా సమయమంతా పది, ఇరవై శాతం లోడుతో నడుస్తుంటాయి. అప్పుడు సిలిండర్ తగినంత వేడెక్కదు, ఇంధనం పూర్తిగా కాలదు, ఇంజెక్టర్ల కొనల మీద మసి గట్టిపడుతుంది, పొగగొట్టంలో నల్లటి జిడ్డు చేరుతుంది. డీజిల్ ఇంజిన్ పొదుపుగా నడిచేది సుమారు 75 నుంచి 85 శాతం లోడు దగ్గర. నాలుగు జనరేటర్లుంటే ఒకదాన్ని ఆ లోడులో నడిపి, మిగతా మూడింటినీ ఆపేయవచ్చు. మీరు చెప్పిన నష్టం చాలావరకు అక్కడే పూడుతుంది.

ఇంకొకటి. మోటారు ఆగి ఉన్న స్థితి నుంచే పూర్తి టార్క్, అంటే తిప్పే బలం, ఇవ్వగలదు. మంచు పగలగొట్టుకుంటూ పోయే ఓడల్లో, అంటే ఐస్‌బ్రేకర్లలో, ఇదే ముఖ్యం: ప్రొపెల్లర్ రెక్కల దగ్గర మంచుగడ్డ ఇరుక్కుంటే నేరుగా తగిలించిన ఇంజిన్ ఆగిపోవచ్చు, మోటారు బలం తగ్గకుండా తోస్తూనే ఉంటుంది. ఇది కొత్త ఫ్యాషనూ కాదు. 1903 నాటి ‘వాండాల్’ అనే రష్యా చమురు నౌకలో 120 హార్స్‌పవర్ డీజిల్ ఇంజిన్లు మూడు, వాటి కరెంటుతో తిరిగే మోటార్లు ఉండేవి. అప్పటి డీజిల్ ఇంజిన్ వెనక్కి తిరిగేది కాదు మరి!

చుక్కాని:
నాలుగు జనరేటర్లున్నాయి కాబట్టి భయం లేదని ఇక అంటారు, అందుకే ముందే చెబుతున్నాను. 2019 మార్చిలో నార్వే తీరంలో, తుఫానులో ‘వైకింగ్ స్కై’ అనే డీజిల్-ఎలక్ట్రిక్ ప్రయాణికుల నౌక మొత్తం కరెంటు పోయి రాళ్లవైపు కొట్టుకుపోయింది. కారణం లూబ్రికేటింగ్ ఆయిల్ తక్కువగా ఉండటం. ఓడ ఊగేసరికి నడుస్తున్న ఇంజిన్లన్నీ ఒకదాని వెంట ఒకటి ఆగిపోయాయి. అన్నిటికీ ఒకే జబ్బు వస్తే ఎన్ని ఉండి ఏం లాభం? పైగా గేర్‌బాక్స్ పాడైతే బాగుచేయడానికి మెకానిక్ దొరుకుతాడు, కన్వర్టరు పాడైతే నిపుణుడి కోసం ఎదురుచూడాలి.

కొక్కెం:
కన్వర్టరు విషయంలో మీతో వాదించను. ఆయిల్ చూసుకోకపోతే మాత్రం నేరు షాఫ్టు ఇంజిన్ కూడా ఆగుతుంది. అందుకే ఒకేచోట కదలకుండా నిలబడాల్సిన నౌకల్లో స్విచ్‌బోర్డును భాగాలుగా విడదీస్తారు, ఇంధనం, చల్లదనం ఏర్పాట్లు కూడా వేరు చేస్తారు. ఖర్చు పెరుగుతుంది, నిజమే. రోజులకొద్దీ బార్జీలు లాగే టగ్గుకైతే నేనూ నేరు షాఫ్టే పెడతాను, మహా అయితే నెమ్మది పనులకు షాఫ్టు మీద చిన్న మోటారు. లంగరు గారూ, మీరు చూస్తున్న టగ్గు సగం లోడుకన్నా కింద ఎన్ని గంటలు నడుస్తుందో చెప్పండి, అప్పుడు పది శాతం సంగతి తేలుద్దాం.