అరిగిపోయిన ఫెయిరింగ్ స్క్రూలను ప్లాస్టిక్ పగలకుండా విప్పడం, తిరిగి బిగించడం ఎలా?

ప్రశ్న: బురుజు దగ్గరి బండి (కర్నూలు)

అందరికీ నమస్కారం. నా బైకుకు రెండు వైపులా పూర్తి ఫెయిరింగ్ (ఇంజన్ పక్కలను కప్పే ప్లాస్టిక్ తొడుగు) ఉంది. కొని ఆరేళ్లు దాటింది. ఎండలు ముదరకముందే కూలెంట్ మార్చి, రేడియేటర్ రెక్కల మధ్య పేరుకున్న దుమ్మును కడుగుదామని ఆదివారం ఉదయం ఇంటి ముందు నీడలో పని మొదలుపెట్టాను. ఎడమ వైపు తొమ్మిది స్క్రూలలో ఆరు ఏ ఇబ్బందీ లేకుండా వచ్చేశాయి. ఏడో దాని దగ్గర 4 మిల్లీమీటర్ల అలెన్ కీ జారి గిర్రున తిరిగింది; టార్చి వేసి చూస్తే లోపలి ఆరు మూలలూ అరిగిపోయి రంధ్రం గుండ్రంగా తయారైంది. విండ్‌స్క్రీన్ అడుగున ఉన్న ఎనిమిదోది తిప్పినంతసేపూ తిరుగుతుందే తప్ప ఒక్క మర కూడా బయటికి రాదు. ప్లస్ గాడి ఉన్న తొమ్మిదోది ఇప్పటికే సగం చెడిపోయి ఉంది కాబట్టి దాని జోలికి పోలేదు.

కిందటిసారి బండిని సర్వీసుకు ఇచ్చిన చోట వీటిని మోటుగా బిగించారని నా అనుమానం. ఎవరిని అడిగినా డ్రిల్లు వేసి తీసేద్దామంటున్నారు, ఆ మాట వింటేనే గుండె గుభేలుమంటోంది. డ్రిల్లు దాకా పోకుండా ఈ మూడింటినీ తీసే మార్గం ఉందా? తిరిగి బిగించేటప్పుడు స్టెయిన్‌లెస్ స్క్రూలు వేయడం మంచిదేనా?

జవాబు 1: పాత పానా (అనంతపురం)

మీ మూడు స్క్రూలూ మూడు వేర్వేరు జబ్బులు, ఒకే మందు పనిచేయదు. నేను మెకానిక్‌ను కాను గానీ, ఇరవై ఏళ్లుగా నా బండ్ల పని నేనే చేసుకుంటున్నాను.

ముందు ఏడోదాని సంగతి. అలెన్ రంధ్రం అరగడానికి చాలాసార్లు బలం కన్నా మట్టి కారణమవుతుంది. మన దారుల్లో లేచే దుమ్ము వాన చినుకులతో కలిసి ఆ చిన్న గుంటలో ఎండి గట్టిపడితే, కీ పూర్తి లోతుకు దిగకుండా పైపైనే పట్టుకుంటుంది. అప్పుడు తిప్పితే పై అంచులే నలుగుతాయి. గోనెసంచులు కుట్టే దబ్బనంతో ఆ గుంటను అడుగుదాకా గీకి, నోటితో ఊది, ఆ తరువాత కొత్త కీ పెట్టి చూడండి. కొన్నిసార్లు అరగని లోతు ఇంకో మిల్లీమీటరు మిగిలే ఉంటుంది. మీ కీ కొనే అరిగి ఉంటే గ్రైండర్ మీద రెండు మిల్లీమీటర్లు సమంగా తెగ్గొట్టండి, మళ్లీ పదునైన మూలలు వస్తాయి. గుండు కొన ఉన్న కీని మాత్రం బిగువైన స్క్రూకు వాడకండి, అది వాలుగా చేరుకోవలసిన చోట తేలిక పనికి మాత్రమే పనికొస్తుంది.

అప్పటికీ పట్టు దొరకకపోతే, ఆ రంధ్రం కన్నా రవ్వంత పెద్దదైన టార్క్స్ బిట్టును (ఆరు కోణాల పువ్వు ఆకారపు కొన ఉన్నది) సుత్తితో మెల్లగా లోపలికి దిగగొట్టండి. దాని ఆరు కోణాలు అరిగిన ఇనుములోకి కొత్త గాడి చేసుకుంటాయి. అయితే కొట్టేటప్పుడు ఆ దెబ్బ ప్లాస్టిక్ చెవుల మీద పడకూడదు. వెనుక నుంచి ఎవరిచేతనైనా చెక్కదిమ్మ ఆనించి పట్టించండి. దానికి ముందు రాత్రే, స్క్రూ కొన వెనుక వైపు ఎక్కడ బయటికి వస్తుందో అక్కడ తుప్పు వదిలించే నూనె ఒకటి రెండు చుక్కలు వేసి, ప్లాస్టిక్ మీద పడినదాన్ని వెంటనే తుడిచేయండి. తల వైపు పోసిన నూనె మరల దాకా చేరదు, రంగు మీద మరకలు మాత్రం చేస్తుంది.

ఇంకా మొరాయిస్తే వేడి. వేడిగాలి చిమ్మే హీట్ గన్, కొవ్వొత్తి వంటివి దగ్గరికి రానివ్వవద్దు. ఫెయిరింగ్‌లకు ఎక్కువగా వాడే ఏబీఎస్ అనే ప్లాస్టిక్ 100 డిగ్రీల సెల్సియస్ చుట్టుపక్కలే మెత్తబడుతుంది. రేడియో రిపేరు వాళ్లు వాడే సోల్డరింగ్ ఐరన్ కొనను అలెన్ గుంటలో నిలిపితే వేడి స్క్రూలోకే పోతుంది. పక్కనున్న ప్లాస్టిక్‌ను వేలితో తాకుతూ ఉండండి, వేలు నిలవనంత వేడెక్కితే ఆపేయండి. చల్లారనిచ్చి మళ్లీ ప్రయత్నించండి.

తొమ్మిదోదాని తల మీద చిన్న చుక్క వంటి గుర్తు ఉందేమో చూడండి. ఉంటే అది జేఐఎస్ అనే జపాన్ ప్రమాణపు గాడి. మనం స్టార్ అని పిలిచే మామూలు ఫిలిప్స్ స్క్రూడ్రైవర్ అందులో పూర్తిగా కూర్చోదు, తిప్పగానే పైకి ఎగదన్ని గాడిని చెడగొడుతుంది. వెసెల్ వంటి జపాన్ తయారీ డ్రైవర్లు దానికి సరిగ్గా సరిపోతాయి. అది దొరికే లోపల, డ్రైవర్ కొనకు చిటికెడు వాల్వు గ్రైండింగ్ పేస్టు రాసి పెట్టండి; అందులోని గరుకు రవ్వ జారనివ్వదు. సుత్తితో కొడితే తిరిగే ఇంపాక్ట్ డ్రైవర్ ఇంజన్ కవర్లకు బ్రహ్మాండమైన పనిముట్టే గానీ, వెనుక ఇనుము లేని ఫెయిరింగ్‌కు కాదు.

జవాబు 2: ఎర్రగుట్ట (కడప)

ఎనిమిదోదాని విషయం నేను చెబుతాను, నిరుడు నాకూ ఇదే ఎదురైంది. విండ్‌స్క్రీన్ దగ్గర సాధారణంగా ఉండేది రబ్బరు నట్టు: రబ్బరు గొట్టం, దాని అడుగున ఇత్తడి మర. స్క్రూ బిగిస్తే ఇత్తడి పైకి లాగబడి రబ్బరు ఉబ్బి రంధ్రాన్ని పట్టుకుంటుంది. ఏళ్ల ఎండకు రబ్బరు గట్టిపడి, ఇత్తడి చిలుముపట్టి స్క్రూకు అతుక్కుపోతే మొత్తం కలిసి తిరుగుతుంది. స్క్రూ తల కింద పలుచని ప్లాస్టిక్ గరిటె వంటిది దూర్చి, పైకి లాగిపట్టి తిప్పండి. లాగుడుకు రబ్బరు మళ్లీ ఉబ్బి పట్టు దొరుకుతుంది. అప్పటికీ రాకపోతే వెనుక నుంచి కటింగ్ ప్లయర్‌తో రబ్బరును గట్టిగా అదిమి పట్టుకోవచ్చు. మరీ మొండికేస్తే పైనున్న రబ్బరు అంచును బ్లేడుతో కోసేయండి. పోయేది చవకైన రబ్బరు నట్టే, విండ్‌స్క్రీన్ కాదు.

ప్యానెల్ లాగే ముందు దాన్ని పది నిమిషాలు ఎండలో ఉంచడం మరచిపోవద్దు. చలిలో బిర్రుగా ఉన్న ప్లాస్టిక్ కొక్కెం పుటుక్కున విరుగుతుంది, వెచ్చబడినది వంగుతుంది. మన సీమ ఎండ పనికొచ్చే సందర్భాలలో ఇదొకటి. తిరిగి బిగించేటప్పుడు స్క్రూలు వదులై రాలిపోకుండా ప్రతి మరకూ నీలి రంగు థ్రెడ్‌లాకర్ (మరలను వదులు కానివ్వని జిగురు ద్రవం) ఒక చుక్క వేయండి.

జవాబు 3: మూడో గేరు (ప్రొద్దుటూరు)

ఎర్రగుట్ట గారి చివరి మాటతో మాత్రం నేను ఏకీభవించలేను. థ్రెడ్‌లాకర్ ఇనుములో ఇనుము బిగించే చోటికి మందు. ఏబీఎస్‌కూ, విండ్‌స్క్రీన్లలో వాడే పాలికార్బొనేట్‌కూ అది విషం. బిగువులో ఉన్న ప్లాస్టిక్‌కు ఆ ద్రవం తగిలితే సన్నని పగుళ్లు పుడతాయి. నా బండికి అలాగే వేశాను. నాలుగో రోజున బండి తుడుస్తుంటే రెండు రంధ్రాల చుట్టూ వెంట్రుకల్లాంటి గీతలు కనిపించాయి. మొదట పైపై గీతలనుకున్నాను, గోరు పెడితే లోపలికి తగులుకుంది, అవి పగుళ్లే. వదులవుతుందన్న భయముంటే రబ్బరు వాషర్ వేయండి, లేదా వెనుక నైలాన్ నట్టు పట్టే చోటుంటే అది వాడండి.

స్టెయిన్‌లెస్ గురించి అడిగారు. తుప్పు పట్టదన్నది నిజమే. అయితే అల్యూమినియం మరలోకి నేరుగా దించితే, తడి తగిలినకొద్దీ ఆ రెండు లోహాల మధ్య అల్యూమినియం తినివేయబడి స్క్రూ పట్టేస్తుంది. మరలకు పలుచగా గ్రీజు రాసి బిగించండి. ఇంకొక చిక్కు, మామూలు స్టెయిన్‌లెస్ స్క్రూ అయస్కాంతానికి అంటుకోదు. ఫెయిరింగ్ లోపల జారిపడితే అయస్కాంతపు కడ్డీతో తీయలేక తల పట్టుకుంటారు. కింద పాత దుప్పటి పరచి పని చేయండి.

బిగింపులో అసలు కిటుకు చేతి వేళ్లలో ఉంది. ఏ స్క్రూనూ ముందుగా పూర్తిగా బిగించవద్దు. అన్నింటినీ వేళ్లతో రెండు మూడు చుట్లు పట్టించి, ప్యానెల్ సర్దుకున్నాక, మధ్య నుంచి అంచులకు పోతూ బిగించాలి. నేరుగా ప్లాస్టిక్‌లోకే దిగే స్క్రూ అయితే ముందు వెనక్కి తిప్పండి. టక్కుమని చిన్నగా దిగినట్లు చేతికి తెలుస్తుంది, పాత మర మొదలు అక్కడే. అక్కడి నుంచి ముందుకు తిప్పితే కొత్త మర కోయకుండా పాత దారిలోనే పోతుంది. తల కింద మెట్టు ఉన్న స్క్రూలు ఆ మెట్టు ఆనగానే ఆగిపోవాలి, ఆ తరువాత తిప్పే ప్రతి పావు చుట్టూ ప్లాస్టిక్ మీద భారమే. రబ్బరు గ్రోమెట్లలోకి (రంధ్రాలకు తొడిగే రింగులు) కొక్కేలు దించడానికి నూనె రాయకండి, సబ్బునీళ్లు చాలు.

ఇక స్క్రూల పొడవులు. పెద్ద అట్టముక్క మీద ప్యానెల్ ఆకారం గీసి, ఏ రంధ్రం నుంచి తీసిన స్క్రూను అట్టలో ఆ చోటే గుచ్చండి. ఒకే లావున్న ఎం6 (6 మిల్లీమీటర్ల మర) స్క్రూలు 16 మిల్లీమీటర్లవీ 25 మిల్లీమీటర్లవీ పక్కపక్కనే ఉంటాయి. పొడవుది పొట్టి చోట పడితే వెనుకనున్న వైరింగునో రేడియేటర్‌నో పొడుస్తుంది.

ప్రశ్న వేసినవారు: బురుజు దగ్గరి బండి (కర్నూలు)

అందరికీ కృతజ్ఞతలు. మూడూ వచ్చేశాయి, డ్రిల్లు అవసరం పడలేదు. ఎనిమిదోది ప్లాస్టిక్ గరిటెతో ఎత్తిపట్టగానే నాలుగు చుట్లలో ఊడింది. తొమ్మిదోదాని తల మీద నిజంగానే చుక్క ఉంది. గ్రైండింగ్ పేస్టుతో రెండో ప్రయత్నానికి కదిలింది. ఏడోది రెండు రోజులు ఏడిపించింది. దబ్బనంతో గీకితే ఎండిన నల్లమట్టి పొడి పొడిగా రాలింది గానీ కీకి పట్టు దొరకలేదు. చివరికి సోల్డరింగ్ ఐరన్ పెట్టి, చల్లారాక టార్క్స్ బిట్టు దిగగొట్టి తిప్పితే కీచుమంటూ వచ్చింది.

తీసి చూస్తే మూడో గేరు గారు చెప్పినదే జరిగింది. పక్కనున్న ఎనిమిదోదాని కన్నా అది తొమ్మిది మిల్లీమీటర్లు పొడవు. ఎవరో రెండింటినీ తారుమారు చేసి బిగించినట్లున్నారు. దాని కొన వెనుకనున్న వైరింగ్ కట్టకు తగిలి పై టేపు అరిగిపోయింది, లోపలి ఎర్ర తీగ కనిపిస్తోంది. తీగ తెగలేదు కాబట్టి టేపు చుట్టి, కట్టను కొంచెం పక్కకు జరిపి కట్టాను. కుడి వైపు వచ్చే ఆదివారం విప్పుతాను. అట్టముక్క మీద ఆకారం ఇప్పటికే గీసి పెట్టుకున్నాను.